ఓరియే కాగితం

మా ఆడపడుచు ఒడోజియాకుకీ నాకూ పడేది కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతా కథ సాఫీగా నడుస్తుంది.

ఆమె మా ఆయనకి అక్క. మొగుడు పోయాక అత్తవారి ఊరు వదిలేసి పుట్టింటికి వచ్చేసింది. మా ఇళ్ళల్లో పుట్టింటి ఆడపిల్ల మాటకి ఎదురుండదు. కోడలు ఎంత సంపాదించినా ఆమె ముందు గొంతు తగ్గించాల్సిందే. నాకేమో తగ్గించే గొంతు లేదు. ఉమునెజే ఊరి ఓరియే సంతలో ఉప్పు అమ్మే ఉరున్వా అంటే నేనే, ఈ చివర నేను అరిస్తే ఆ చివర మేకలు కూడా తలెత్తి చూసేవి.

ఆమె పని ఊలి గీయడం. ఊలి కాయలు దంచి రసం పిండి, సన్నటి పుల్ల అందులో ముంచి, పెళ్ళికూతుళ్ళ వీపుల మీదా భుజాల మీదా గీసేది. తీగలు, చంద్రవంక, చుట్ట చుట్టుకున్న పాము, అన్నిటికన్నా మిన్నగా, మా దగ్గర ఏ మంచి మాటకైనా ముందు విరిచి పంచుకునే నాలుగు పలకల కోలా గింజ. గీసినప్పుడు ఏమీ కనపడదు, ఒంటికి నీళ్ళు పూసినట్టుంటుంది. మర్నాటికి నల్లగా తేలుతుంది. రెండు సంతవారాలు ఉండి పోతుంది. మా సంతవారం నాలుగు రోజులే కదా, ఏకే, ఓరియే, ఆఫో, న్క్వో. అంటే ఎనిమిది రోజుల వైభవం అన్నమాట.

"వదినా, నువ్వు గీసింది పోతుంది, నేను అమ్మింది కరుగుతుంది. మనిద్దరిదీ ఒకటే యాపారం" అనేదాన్ని నేను.

"నేను గీసింది ఉన్నన్నాళ్ళూ జనం చూసి మురుస్తారే. నువ్వు కొలిచింది చూసి ఏడుస్తారు" అనేది ఆమె.

అందులో అబద్ధం లేదు. పాల డబ్బాతో ఉప్పు కొలిచి, అరచేత్తో అంచు మీద ఒక్క తుడుపు తుడిచేదాన్ని. ఒక్క పలుకు కూడా అంచు దాటనిచ్చేదాన్ని కాదు. ఉప్పు అలా అమ్మబట్టే మా ఇంటి మీద రేకులు లేచాయి, ఎందుకు సిగ్గుపడాలి?

ఇంతలో మా వాళ్ళు లాగోస్ ప్రభుత్వం నుంచి విడిపోయి బియాఫ్రా అని వేరే దేశం పెట్టుకున్నారు, దాంతో యుద్ధం వచ్చింది. మా ఆయన తుపాకీ పట్టుకుని వెళ్ళాడు. మరుసటి జనవరిలో లాగోస్ ప్రభుత్వం పాత నోట్లు చెల్లవని చాటింది. మా బియాఫ్రా వాళ్ళు సొంత నోట్లు వేశారు. మొదటిసారి ఆ నోటు చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, కాదనను. కానీ వచ్చినవన్నీ పెద్ద నోట్లే, ఐదు షిల్లింగులు, పౌను. సంతలో ఎవరికి కావాలి అవి? డబ్బాడు ఉప్పు, గుప్పెడు ఎండు రొయ్యలు, సీసాలో అడుగున నూనె, ఇదీ మా బేరం. ఐదు షిల్లింగుల నోటు పట్టుకుని ఆడవాళ్ళు కొట్టు కొట్టుకీ తిరిగి, చిల్లర దొరక్క, ఖాళీ బుట్టతో ఇంటికి పోయేవారు.

చిల్లర ఉన్నది ఒక్కడి దగ్గరే. సంతలో ఇటుకలతో కట్టిన కొట్టున్న అనెక్వే. యుద్ధం వాసన తగలగానే ఊళ్ళో నాణేలన్నీ ఊడ్చి డబ్బాల్లో దాచుకున్నాడు. ఐదు షిల్లింగుల నోటిస్తే నాలుగు షిల్లింగుల చిల్లర ఇచ్చేవాడు. మిగిలింది ఆయన మంచితనానికి కూలి.

సంత పెద్ద ఉగ్బాలా ముసలమ్మ ఆడవాళ్ళందర్నీ పిలిచింది. కోలా గింజ విరిచి పంచాక, నేరుగా నా మొహంలోకి చూసింది.

"మన కాగితం మనమే వేసుకుందాం. ఒక కాగితానికి ఒక డబ్బా ఉప్పు. ఒట్టి మాట చెబితే నమ్మరు, ఉప్పు చూపిస్తే నమ్ముతారు. లాగోస్ వాళ్ళు సముద్రం దారి మూసేశారు, ఇక ఉప్పు రాదు. ఉన్నది ఉరున్వా పెరట్లో పాతిపెట్టిన కుండల్లోనే."

"నా కుండలు నీకెలా తెలుసు?" అన్నాను.

సంతంతా నవ్వింది. నేను పాతిపెట్టిన రోజు గునపం చప్పుడు ఊరంతా విందట.

ఒప్పందం ఇదీ. ఉప్పు నాది. కాగితం తెచ్చినవాళ్ళకి కొలిచి ఇవ్వాలి. దానికి బదులు మిగతా కొట్ల వాళ్ళు కర్రపెండలం రవ్వ గారీ, నూనె, దుంపలు నాకు పోగేసి ఇస్తారు. చెప్పడానికి బాగుంది. కానీ కుండలు నావి, పిల్లలు నా వాళ్ళు. నేను నీళ్ళు నమిలాను.

అప్పుడు వెనకనుంచి మా ఆడపడుచు గొంతు. "మా తమ్ముడు పెళ్ళాన్ని తెచ్చుకున్నాడనుకున్నాను. ఉప్పు కుండని తెచ్చుకున్నాడన్నమాట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇస్తాను! ప్రతి పలుకూ ఇస్తాను! నీ దగ్గర ఇవ్వడానికి ఏముంది వదినా, పుల్లా, పసరూ తప్ప?"

"అదే ఇస్తాను" అంది ఆమె.

కాగితం దొరికింది. సగంలో ఆగిపోయిన చర్చి దగ్గర సిమెంటు సంచులు గుట్టగా పడి ఉన్నాయి. గోధుమరంగు, దళసరి, చింపినా తొందరగా చిరగదు. కడిగి ఎండేసి అరచేయంత ముక్కలు కోశాం. మరి దాని మీద ముద్ర? రబ్బరు ముద్రని ఎవడైనా చెక్కుతాడు. సంతకం ఎవడైనా గిలుకుతాడు. ఒడోజియాకు గీత మాత్రం ఇంకొకరు గీయలేరు. ఆ చేతి ఒంపు ఈ ఊళ్ళో ప్రతి ఆడదానికీ ఒంటి మీద మోసి తెలుసు. నాకూ తెలుసు, నా పెళ్ళికి గీసింది ఆమే. గీస్తూ కూడా తిట్టింది, కదులుతున్నానని.

ఆమె సంత నడుమ నిలబడి అందరూ వినేట్టు చెప్పింది. "కాగితం మీద కోలా గింజ గీస్తాను. నా గీత ఉన్న కాగితానికి ఓరియే సంతలో ఉప్పు దొరక్కపోతే, ఇంక ఈ ఊళ్ళో ఏ పెళ్ళికూతురి ఒంటి మీదా నేను పుల్ల పెట్టను."

ఆమెకి పొలం లేదు, పిల్లల్లేరు. చర్చికెళ్ళే పిల్లలు అప్పటికే ఊలి మానేసి పౌడరు రాసుకుంటున్నారు. మిగిలిన ఆ కొన్ని పెళ్ళిళ్ళే ఆమె బతుకు. తిండి కోసం అనడం లేదు, తిండి మేం పెడతాం. పెళ్ళివారు ఇంటికొచ్చి "అమ్మా, మా పిల్లకి మీరే గీయాలి" అని అడిగే ఆ పిలుపు కోసం. అది పోతే ఆమె ఇంట్లో మూల కూర్చునే ముసలిది, అంతే. 

అనెక్వే తన కొట్టు అరుగు మీంచే అరిచాడు. "అందరూ విన్నారుగా! అక్కా, రేపు మాట మారిస్తే కుదరదు!"

"నేను చిల్లర మారుస్తానా ఏంటి నీలాగా, మాట మార్చడానికి" అంది ఒడోజియాకు.

ఆ సాయంత్రం ఆమె గీసిన కాగితాలు చూసి చాలామంది పెదవి విరిచారు. గీత ఎక్కడుంది? తడి మరక తప్ప ఏమీ లేదు. "పడుకుని లేచి చూడండి" అందామె. పొద్దున్నే చూస్తే ప్రతి ముక్క మీదా నల్లగా, నిగనిగలాడుతూ నాలుగు పలకల కోలా గింజ. వెంట్రుకంత సన్నగా మొదలై, నడుమ లావెక్కి, మళ్ళీ సన్నబడే ఆ గీత. మా వదిన అని కాదు గానీ, పౌను నోటు దాని ముందు దిగదుడుపే.

కాగితాలు కొట్టుకి ఇన్నని పంచుకుని, చిల్లరకి బదులు అవే ఇవ్వడం మొదలెట్టాం. కాగితం నడిచింది. నడవడమేంటి, పరిగెత్తింది. ఆఫో సంతకి వెళ్ళింది, ఏకే సంతకి వెళ్ళింది, వాగు అవతలి ఊళ్ళకి వెళ్ళింది. సెలవు మీద వచ్చిన సిపాయిలు తమ జీతం నోట్లు పక్కన పెట్టి "అమ్మా, ఓరియే కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగేవారు. పై ఊరినుంచి కాగితం తెచ్చినవాడికి నేను ఉప్పు కొలుస్తుంటే, వాడు ఆ డబ్బా వంకా నా వంకా చూసి "నిజంగానే ఇస్తున్నారే" అనేవాడు. నేను ఛాతీ ఉబ్బించుకుని, అరచేత్తో అంచు తుడిచి మరీ ఇచ్చేదాన్ని. గర్వం గర్వమే, కొలత కొలతే.

అనెక్వే కొట్టు ముందు ఈగలు తోలుకోవాల్సి వచ్చింది. చిల్లర కోసం ఎవరూ వెళ్ళడం లేదు. కొన్నాళ్ళకి ఆయన కూడా దారికొచ్చాడనుకున్నాం. దాచిన నాణేలు తీసి మా కాగితాలు కొనుక్కోవడం మొదలెట్టాడు. ఉప్పు కోసం నా దగ్గరికి వచ్చే కాగితాలు తగ్గాయి. కుండలు నిండుగా ఉన్నాయి కదా అని నేనూ సంబరపడ్డాను.

వానలు పట్టాయి. ఒక ఓరియే నాడు గారీ అమ్మే అకుబాటా ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద ఏమీ లేదు.

"ఏంటే ఇది? చర్చి దగ్గర ఏరుకొచ్చావా?" అన్నాను.

"నీ మొహం! నువ్వే పోయిన నెల గారీకి ఇచ్చావు నాకు!"

ఇద్దరం జుట్టూ జుట్టూ పట్టుకోబోతుంటే ఇంకో మనిషి వచ్చింది, ఇంకో బోసి కాగితంతో. ఆమె వెనక మరొకామె. ఒకళ్ళ కాగితం మీద రెండు పలకలే మిగిలాయి, ఇంకొకళ్ళ దాని మీద లేత గోధుమ మరక. చేతుల చెమటకీ వాన తేమకీ ఊలి కరిగిపోతోంది. క్షణంలో సంతంతా గగ్గోలు. ఆడవాళ్ళు నడుములకి కట్టుకున్న మూటలు విప్పి చూసుకుని నెత్తి కొట్టుకున్నారు.

అనెక్వే ఎత్తు పీట ఎక్కాడు. ఎన్నాళ్ళ నుంచి కాచుకున్నాడో ఆ పీట ఎక్కడానికి. "ఆడవాళ్ళ డబ్బు చెమటకి కడుక్కుపోయింది! నేను ముందే చెప్పలేదూ? ఒడోజియాకు అక్కా, నీ మాట గుర్తుందా? ఏ పెళ్ళికూతురి ఒంటి మీదా అన్నావు!"

మా ఆడపడుచు ఆ బోసి కాగితం చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. ఆమె నోటికి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"గోడ మీద గీస్తే వాన తగిలేదాకా ఉంటుంది" అంది చివరికి, మెల్లగా. "ఒంటి మీద గీస్తే ఎనిమిది రోజులు. కాగితం గోడలాంటిదనుకున్నాను. ఇన్నేళ్ళు ఊలి గీసి, ఊలి పోతుందన్న సంగతే మర్చిపోయాను." అని పుల్ల తీసి ఉగ్బాలా ముసలమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. "నా మాట నేను నిలబెట్టుకుంటాను. ఇంక గీయను."

నాకు పడని మనిషి అందరి ముందూ తల వంచుకుంది. సంతోషం వేయాలి కదా? వేయలేదు సరిగదా, ఒళ్ళు మండిపోయింది. మా వదినని అనడానికి నేనున్నాను, ఈ చిల్లరగాడెవడు? నేను నా ఉప్పు బల్ల ఎక్కాను.

"ఏమే అకుబాటా! నీ పెళ్ళికి మా వదిన గీసిన ఊలి ఇప్పుడుందా నీ వీపు మీద?"

అకుబాటా తెల్లబోయింది. "ఎలా ఉంటుంది? పదేళ్ళయింది!"

"పోయిందన్నమాట. అయితే నీ పెళ్ళి చెల్లదని మీ ఆయన నిన్ను పుట్టింటికి పంపేశాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"పంపడం కూడానా, ఏడాదికొకరు చొప్పున ఐదుగురు పిల్లల్ని ఒళ్ళో పెట్టాడు" అంది అకుబాటా.

ఇంక నవ్వులు ఆగలేదు. నేను ఊపందుకున్నాను. "ఊలి పోతుందని ఈ ఊళ్ళో తెలియని ఆడదెవరు? పోయినప్పుడు ఒడోజియాకు మోసం చేసిందన్నారా ఎవరైనా? పండగ రాగానే మళ్ళీ వెళ్ళి ఆమె ముందు పీటేసుకుని కూర్చున్నారు! ఒంటికి లేని తప్పు కాగితానికి వచ్చిందా? పోతే మళ్ళీ గీయించుకోండి!"

అనెక్వే తగ్గలేదు. "బాగుంది! రేపు ఎవడైనా సిమెంటు సంచి కోసుకొచ్చి, గీత పోయిందమ్మా గీయి అంటే? గీసేస్తుందా?"

మాట న్యాయమైనదే. కానీ మా ఆడపడుచు అప్పటికే చేతిలో కాగితాన్ని బొటనవేలితో నిమురుతోంది. ఆమె పుల్ల నొక్కి గీస్తుంది. రంగు పోయినా నొక్కు పోలేదు. నిమిరితే కోలా గింజ నాలుగు పలకలూ వేలికి తగులుతాయి. ఆమె అకుబాటా వేలు పట్టుకుని కాగితం మీద తిప్పింది. "ఉందే! లోపలుందే!" అని అకుబాటా అరిచింది. నేను ఊరికే ఉంటానా, నా సంచిలోంచి గీయని ముక్కొకటి తీసి మిగతావాటిలో కలిపి ఇచ్చాను. మా వదిన నిమిరి చూసి దాన్ని నా మొహాన కొట్టింది. "నీ బుద్ధి పోనిచ్చుకోలేదు" అంది. ఆమెకి మళ్ళీ నోరొచ్చిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఉగ్బాలా ముసలమ్మ పుల్ల తీసి ఆమె చేతికి తిరిగి ఇచ్చింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. గీత వాడిన కాగితం పట్టుకుని ఓరియే నాడు వరసలో కూర్చోవాలి. ఒక్కొక్కరి వంతు రాగానే ఒడోజియాకు వేలితో నిమిరి, మళ్ళీ గీసి ఇచ్చేది. ఆడవాళ్ళు పెళ్ళివారింట్లోలా కబుర్లు చెప్పుకుంటూ, పిల్లలకి పాలిస్తూ కూర్చునేవారు. విమానాల భయానికి సంత తాటితోపులోకి జరిగింది. ఆ వరస కూడా తోపులోకి జరిగింది గానీ తెగలేదు. మా కాగితం ఎక్కడ తిరిగినా మళ్ళీ ఇంటికి రావాల్సిందే. ఏ దేశపు నోటుకుంది ఆ బుద్ధి?

ఈ లోపల అనెక్వే మొహం రోజురోజుకీ మాడిపోతోంది. ఎందుకో ఒక ఓరియే నాడు తెలిసింది. ఆయన భార్య బరువైన గోనెసంచి నెత్తిన పెట్టుకుని వరసలోకి వచ్చింది. మూతి విప్పితే, సంచి నిండా మా కాగితాలే! మా చేతుల్లోంచి మాయమైనవన్నీ అక్కడ ఉన్నాయి. ఒక్కసారిగా తెచ్చి నా ముందు గుమ్మరించి, కుండల్లో ఉప్పంతా తోడేసుకుని, సంతని మట్టి కరిపిద్దామని పన్నాగం. అదను కోసం చీకటి గదిలో దాచాడు. వానాకాలం తేమకి అన్నీ బోసిపోయాయి.

ఒడోజియాకు ఆ సంచి వంక చూసి, "ఇవి నీవా అమ్మా?" అంది.

"మా ఆయనవి."

"మరి నువ్వొచ్చావేం? ఊలి గీయించుకోవడానికి ఎవరైనా తమ ఒళ్ళు ఇంకొకళ్ళ చేత పంపుతారా? ఎవరి కాగితం వాళ్ళే పట్టుకుని కూర్చోవాలి. పద్ధతి."

ఆయన రావాల్సి వచ్చింది. మా దగ్గర ఒక ఆచారం ఉంది. మగాడెవడైనా ఆడవాళ్ళకి అన్యాయం చేస్తే, ఊరి ఆడవాళ్ళంతా వాడి వాకిట్లోకి పోయి కూర్చుంటారు. వాడి గుట్టంతా పాటలు కట్టి పాడతారు, తప్పు ఒప్పుకునేదాకా లేవరు. అనెక్వే విషయంలో మేం ఆ కష్టం పడనక్కర్లేకపోయింది. ఆయనే నడుచుకుంటూ వచ్చి, మా నడుమ, పిల్లల తల్లుల వరసలో, చిన్న పీట మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సంచి.

పాట ఎవరు ఎత్తుకున్నారో నాకు తెలియదు. (నేనే ఎత్తుకున్నాను.) చిల్లర దాచిన పెద్దమనిషి చీకట్లో కాగితాలకి నీళ్ళు పోసి పెంచాడని, అవి మొలకెత్తలేదని పాడాం. అనెక్వే నేల చూపులు చూశాడు.

నేను ఒడోజియాకు చెవిలో అన్నాను. "వదినా, ఆ సంచి పొయ్యిలో పడెయ్. వీడికి గీసిచ్చావంటే నా కుండలు ఖాళీ. ఊళ్ళో పిల్లలు ఉప్పుకి మొహం వాచి ఉన్నారు, నీకు తెలుసు."

"నా గీతే కదే అది" అంది ఆమె. "ఎవడి సంచిలో ఉంటేనేం? ఒక్కదాన్ని కాదంటే అన్నీ కాదన్నట్టే."

పొద్దు వాలేదాకా గీసింది. ఒక్కొక్కటీ నిమిరింది, ఒక్కొక్కటీ గీసింది. చివరి కాగితం ఆయన చేతిలో పెట్టి, సంతంతా వినేట్టు అంది. "రేపటికి నల్లబడతాయి తమ్ముడూ. తెచ్చుకో. మా మరదలు కొలిచి ఇస్తుంది. ఒక్కటీ తిప్పి పంపం."

ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే మూడు కుండలు తవ్వి తీసి, వరసగా పెట్టి, డబ్బా చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఏడుపొస్తోంది గానీ తల ఎత్తే ఉంచాను. అనెక్వే వచ్చాడు. ఆ కుండల వంక చూశాడు, వాటి వెనక నిలబడ్డ పిల్లల వంక చూశాడు, నిన్న పాడిన నోళ్ళన్నీ అక్కడే ఉన్నాయని చూశాడు. ఒక్క కాగితం తీసి నాకిచ్చి ఒక్క డబ్బా ఉప్పు తీసుకున్నాడు. తర్వాత అకుబాటా దగ్గరికి వెళ్ళి గారీ కొన్నాడు, నూనె కొన్నాడు, దుంపలు కొన్నాడు. సాయంత్రానికి ఆయన కొట్టు తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంది: ఓరియే కాగితం తీసుకోబడును. భయపడి రాశాడో, సిగ్గుపడి రాశాడో, లాభం చూసి రాశాడో నాకనవసరం. రాశాడు. అది చాలు.

యుద్ధం అయిపోయింది. మేం ఓడిపోయాం. ఇసుక గాలి వీచే జనవరి రోజులవి. మా దేశం పేరు పైకి అనకూడని మాటైపోయింది. దాని నోట్లు కట్టలు కట్టలు పెట్టెల్లో ఉన్నవాళ్ళు కూడా భిక్షగాళ్ళయ్యారు. మా ఆయన కుంటుతూ, బతికి వచ్చాడు.

మా సంతకి జనం బారులు తీరారు. చేతుల్లో సిమెంటు కాగితాలు. ఉగ్బాలా ముసలమ్మ అప్పటికి లేదు. ఏం చెయ్యాలని మేం ఎవర్నీ అడగలేదు. కాగితాలన్నిటికీ లెక్క తీర్చేయడానికి నేను కుండలు తెచ్చాను, ఒడోజియాకు పక్కన పొయ్యి పెట్టుకుని కూర్చుంది. కాగితం ఆమెకి, ఆమె నిమిరి పొయ్యిలోకి, నేను కొలిచి వాళ్ళ గిన్నెలోకి. చివరికి ఒక్క కుండ అడుగున కొంచెం మిగిలింది.

సంత ఎత్తేసే వేళకి ఒక మనిషి వచ్చింది. మా మనిషి కాదు. మాట తీరు చూస్తే నది దిగువ ప్రాంతం. కాళ్ళు పగిలి ఉన్నాయి, వీపున బిడ్డ. చేతిలో ఒక కాగితం, నలిగి నలిగి గుడ్డలా మెత్తబడింది.

"ఇది ఓరియే సంతేనా అమ్మా? ఇది చూపిస్తే ఉప్పు ఇస్తారన్నారు" అంది.

ఒడోజియాకు తీసుకుని బొటనవేలితో నిమిరింది. మళ్ళీ నిమిరింది. వెలుగులో పెట్టి చూసింది. నాకు అర్థమైంది. రంగూ లేదు, నొక్కూ లేదు. నదిలో తడిసిందో, ఎన్ని చేతులు మారిందో, మిగిలింది సంచి ముక్క.

"ఎక్కడిదమ్మా ఇది?" అని అడిగింది.

"శిబిరంలో ఒక ముసలామె చచ్చిపోతూ ఇచ్చింది. అప్పటికే దీని మీద ఏం లేదు. నేను అడిగాను, ఇదేంటి అని. ఓరియే కాగితం, దగ్గరుంచుకో అంది." ఆమె బిడ్డని సర్దుకుంది. "అక్కణ్ణుంచి నడుస్తున్నాను. దారిలో ఓడిన మన ప్రభుత్వం నోట్లిస్తే మొహాన కొట్టారు. ఇది చూపిస్తే, ఓరియే కాగితమా అని అడిగారు. అవునంటే దుంపలు పెట్టారు. ఒక చోట చేప పెట్టారు. కాగితం మాత్రం తీసుకోలేదు. వెనక్కిచ్చేసి, ముందుకెళ్ళాలిగా, ఉంచుకో అన్నారు. ప్రతి ఊళ్ళోనూ అంతే."

మా ఆడపడుచు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళ సంగతి నేను చెప్పను.

నేను కుండ వంచి డబ్బా నింపాను. అరచెయ్యి అంచు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఇంకో గుప్పెడు పైన పోశాను, ఇంకో గుప్పెడు. పోగు జారి నేల మీద పడుతున్నా పోశాను.

"ఏమే, జ్వరమొచ్చిందా? అంచు తుడవడం మర్చిపోయావు" అంది ఒడోజియాకు.

"నోర్మూసుకో వదినా" అన్నాను.

ఆ బిడ్డ తల్లి ఉప్పు మూట కట్టుకుని, మొహమాటంగా చెయ్యి చాచింది. "అమ్మా, ఆ కాగితం మళ్ళీ ఇస్తారా? మా ఊరు ఇంకా దూరం."

ఉప్పిచ్చిన కాగితం పొయ్యిలోకి పోవాలి, పద్ధతి. ఒడోజియాకు పొయ్యి వంక చూసింది. తర్వాత పుల్ల తీసి రసంలో ముంచింది. "ఇలా ఉండు, దీని మీద గీత గీసిస్తాను."

"ఎందుకమ్మా శ్రమ? ఇన్ని ఊళ్ళు గీత లేకుండానే వచ్చిందిగా" అంది ఆమె.

పుల్ల గాల్లోనే ఆగిపోయింది. మా ఆడపడుచు నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. కాగితాన్ని మడిచి, బోసిగానే ఆమె చేతిలో పెట్టింది.

ఆ నెలలోనే వాగు అవతలి ఊరినుంచి పెళ్ళివారు వచ్చారు. వాళ్ళ ఊళ్ళో పౌడరు రాసే పిల్లలు బోలెడుమంది ఉన్నారు. అయినా గుమ్మంలో నిలబడి, "అమ్మా, మా పిల్లకి మీరే గీయాలి" అన్నారు. ఒడోజియాకు పీట తెమ్మని నా మీద అరిచింది. నేను పరుగెత్తాను.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఒక్క కాగితం మాత్రం మాకు తిరిగి రాలేదు. ఇప్పటికీ ప్రతి ఓరియే నాడూ ఒక డబ్బా ఉప్పు, అంచు తుడవకుండా, కొట్టులో పక్కన పెట్టి ఉంచుతాను. నా కోడళ్ళు చాదస్తం అంటారు. అననీ. కాగితం బయటుంది, ఉప్పు ఇక్కడుంది.